ఆ ఇంట్లో ఇంకెవరున్నారు?

*టామ్ సాయర్ కంచెకు వెల్లవేసిన ఊరుగా హానిబల్‌కు ప్రపంచమంతా పేరు. అక్కడ మార్క్ ట్వైన్ పెరిగిన ఇల్లు 1912 నుంచి మ్యూజియంగా ఉంది. గోడలు నిలిచాయి, కిటికీలు నిలిచాయి. ఆ గోడల మధ్య బతికినవాళ్లలో కొందరి పేర్లు మాత్రం చాలాకాలం వినపడలేదు.*

1896 జనవరి. బొంబాయి వాట్సన్ హోటల్లో అప్పుడే దిగిన అరవయ్యేళ్ల అమెరికన్ అతిథి గదిలో సామాన్లు సర్దిస్తున్నారు. బాల్కనీ వైపున్న పెద్ద అద్దాల తలుపుకు ఏదో చిన్న పని పడింది. ఒక పనివాడు మోకాళ్ల మీద కూర్చుని ఆ పని చేస్తున్నాడు. చూసేవాళ్లకు బాగానే చేస్తున్నట్టుంది. పక్కన నిలబడ్డ భారీ మనిషికి, హోటల్ వ్యవహారాలు చూసే జర్మన్ దొరకు మాత్రం నచ్చలేదు. తప్పెక్కడో చెప్పకుండానే దవడ మీద ఫెడీమని ఒక్కటిచ్చాడు. తప్పేమిటో ఆ తర్వాత చెప్పాడు. దెబ్బ తిన్నవాడు నోరెత్తలేదు. ముఖంలో కోపం కూడా కనపడనివ్వలేదు.

ఆ అతిథి మార్క్ ట్వైన్. ఇలాంటిది చూసి యాభై ఏళ్లయిందని ఆయన తర్వాత రాసుకున్నారు. ఆ దెబ్బతో మిసోరీలోని తన బాల్యం ఒక్కసారిగా కళ్లముందుకొచ్చిందట. తండ్రి నెమ్మదైన మనిషి, న్యాయం తెలిసినవాడు. కన్నబిడ్డల మీద చెయ్యెత్తడమే అరుదు. అలాంటివాడు ఇంట్లో బానిస కుర్రాడు లూయిస్‌ను చిన్నచిన్న పొరపాట్లకు అప్పుడప్పుడూ కొట్టేవాడు. తనకు పదేళ్లప్పుడు ఒక తెల్లవాడు, పని సరిగ్గా చేయలేదన్న కోపంతో బానిస తల మీదికి ఇనుప ఖనిజం రాయి విసరడం కూడా కళ్లారా చూశారు. గంటలో ఆ మనిషి చచ్చిపోయాడు. ఇదంతా 1897లో అచ్చయిన ఆయన ప్రపంచయాత్ర పుస్తకంలో ఉంది.

బొంబాయిలో ఆయనకు గుర్తొచ్చిన ఆ బాల్యాన్ని ఇప్పుడు టికెట్ కొనుక్కుని చూసి రావచ్చు. అమెరికా, మిసోరి రాష్ట్రం, హానిబల్ పట్టణం, 206 హిల్ స్ట్రీట్.

ఆ ఇంటి గురించి ఇప్పుడు మాట్లాడుకోవడానికి ఒక నవల కారణం. పర్సివల్ ఎవరెట్ రాసిన ‘జేమ్స్’ 2024లో వచ్చింది. ట్వైన్ రాసిన ‘హకల్‌బెరీ ఫిన్’ కథనే అందులోని నల్లజాతి బానిస జిమ్ నోట చెప్పించిన నవల అది. ఆ ఏడాదే అమెరికా నేషనల్ బుక్ అవార్డు, 2025లో పులిట్జర్ బహుమతి గెలుచుకుంది. నూటనలభై ఏళ్లుగా హక్ పక్కన తెప్ప మీద కూర్చున్న మనిషి ఇప్పుడు తన కథ తానే చెబుతుంటే, ఆ కథ పుట్టిన ఇంటివైపు మరోసారి చూడాల్సిందే.

హిల్ స్ట్రీట్‌లో కొయ్య ఇల్లు

హానిబల్ మిసిసిపీ నదికి పడమటి గట్టున ఉంటుంది. సెయింట్ లూయిస్ నుంచి ఉత్తరంగా దాదాపు 160 కిలోమీటర్లు. ట్వైన్ అసలు పేరు శామ్యూల్ క్లెమెన్స్. 1835 నవంబరు 30న దగ్గర్లోని ఫ్లోరిడా అనే పల్లెలో పుట్టారు. 1839లో కుటుంబం హానిబల్ చేరింది. తండ్రి జాన్ మార్షల్ క్లెమెన్స్ 1843-44లో ఈ ఇల్లు కట్టించాడు. తెల్ల రంగు పలకల గోడలు, రెండంతస్తులు, ఇరుకు గదులు. పెద్దమనిషి తరహా కుటుంబమే కానీ చేతిలో డబ్బు నిలిచేది కాదు. ఒక దశలో ఇల్లు నడవక ఎదురుగా ఉన్న మందుల దుకాణం మీదికి మారారు. 1847 మార్చిలో తండ్రి న్యుమోనియాతో అక్కడే పోయాడు. అప్పటికి శామ్ వయసు పదకొండు. తర్వాత కుటుంబం మళ్లీ ఈ ఇంటికే వచ్చింది. పిల్లవాడు అచ్చాఫీసులో అక్షరాలు పేర్చే పనికి కుదిరాడు. 1853లో పద్దెనిమిది నిండకుండానే ఊరు విడిచి వెళ్లిపోయాడు.

ఆ కొద్ది ఏళ్లే ఆయన జీవితమంతటికీ సరిపడా సరుకు. ‘టామ్ సాయర్’లో పాలీ అత్తమ్మకు నమూనా తల్లి జేన్. సిడ్‌కు నమూనా తమ్ముడు హెన్రీ. బెకీ థాచర్‌కు నమూనా ఎదురింటి లారా హాకిన్స్. ఆ ఎదురిల్లూ ఇప్పుడు మ్యూజియంలో భాగమే. ఊరి చివరి గుహే కథలో టామ్, బెకీ తప్పిపోయిన గుహ. 2019లో ఆ గుహ గోడ మీద వేలాది సంతకాల మధ్య ‘క్లెమెన్స్’ అన్న సంతకం బయటపడింది.

1902లో ట్వైన్ చివరిసారి హానిబల్ వచ్చారు. పాత ఇంటి గుమ్మం దగ్గర నిలబడి ఫొటో తీయించుకున్నారు. వచ్చిన ప్రతిసారీ ఇల్లు కుంచించుకుపోతోందని, ఇంకో పదేళ్లకు వస్తే పిట్టగూడంత అయిపోతుందేమోనని అన్నారట. ఆ పదేళ్లు ఆయనకు దక్కలేదు. 1910 ఏప్రిల్ 21న కన్నుమూశారు. మరుసటి ఏడాదికి ఇల్లు కూల్చివేత దాకా వచ్చింది.

కూలాల్సిన ఇల్లు ఎలా నిలిచింది

ఆపినవాడు జార్జ్ మహన్. ఊళ్లో పేరున్న లాయరు. 1911లో ఆయన ఆ ఇల్లు కొని, బాగుచేయించి, పట్టణానికి రాసిచ్చేశారు. 1912లో మ్యూజియంగా తలుపులు తెరిచారు. అప్పటికి రచయిత పోయి దాదాపు రెండేళ్లే. ప్రభుత్వం కమిటీ వేసి, కమిటీ నివేదిక ఇచ్చి, నివేదిక బీరువాలోకి చేరేలోపు ఇల్లు నేలమట్టమయ్యే సందర్భాలు మనం ఎన్ని చూశాం! ఒక్క మనిషి సమయానికి చెక్కు రాయడం వల్ల నిలిచిన ఇల్లు ఇది. ఆ రుణం చిన్నది కాదు.

నిలబెట్టడం ఒక్కరోజు పని కూడా కాదు. కొయ్య ఇంటికి చెమ్మ శత్రువు, చెదలు శత్రువు, రోజూ మెట్లెక్కి దిగే కాళ్లూ శత్రువులే. నది పక్క ఊరు కాబట్టి వరద భయం వేరే. పట్టణానికి కట్టిన వరద గోడ 1993 నాటి మహా వరదకు కొద్దికాలం ముందే పూర్తవడంతో పాత వీధులు బతికిపోయాయి. 1990-91లో ఇంటిని భారీగా పునరుద్ధరించారు. ఎప్పుడో తొలగించిన వెనక భాగాన్ని పాత ఆధారాలను బట్టి తిరిగి కట్టారు. గదుల్లో తెల్లటి ట్వైన్ బొమ్మలు నిలబెట్టారు. ముసలి రచయిత తన చిన్నప్పటి గదుల్లోకి తిరిగొచ్చి చూసుకుంటున్నట్టు ఉంటాయి అవి.

ఇంటి పక్కనే తెల్లటి చెక్క కంచె. దాని దగ్గర ఒక ఫలకం. టామ్ సాయర్ తన జట్టు పిల్లల దగ్గరే ఎదురు డబ్బులు పుచ్చుకుని వెల్లవేయించిన కంచె ఇక్కడే ఉండేదని ఆ ఫలకం చెబుతుంది. నవలలో జరిగిన సంగతిని చరిత్రలో జరిగినట్టే రాసిపెట్టారు. ఏటా జులై 4 వేడుకల్లో పిల్లలకు కంచెకు వెల్లవేసే పోటీలు. 1956 నుంచి ఏటా ఏడో తరగతి పిల్లల్లో కొందరిని టామ్‌లుగా, బెకీలుగా ఎంచుకుని ఊరి తరఫున అతిథులను పలకరించే పని అప్పగిస్తున్నారు. పడవ, హోటలు, గుహ, దేనికైనా ట్వైన్ పేరే. పదిహేడు వేల జనాభా ఉన్న ఊరికి ఆ పేరు అన్నం పెడుతోంది. దాన్ని తప్పుపట్టలేం. కథను ప్రేమించి అంత దూరం వచ్చినవాళ్లకు కంచె చూపించడంలో ఒక ఆనందం ఉంది. కానీ జరగని వెల్ల పనికి ఫలకం పెట్టిన ఊళ్లో, జరిగిన చాలా విషయాలకు దశాబ్దాలపాటు ఫలకాలు లేవు.

> ఇల్లు... ఏళ్లవారీగా
>
> 1843-44: తండ్రి జాన్ క్లెమెన్స్ ఇల్లు కట్టించారు.
>
> 1853: శామ్ హానిబల్ వదిలి వెళ్లారు.
>
> 1876: ‘టామ్ సాయర్’ విడుదల. 1884-85లో ‘హకల్‌బెరీ ఫిన్’.
>
> 1911: జార్జ్ మహన్ కొనుగోలు. పట్టణానికి కానుక.
>
> 1912: మ్యూజియంగా ప్రారంభం.
>
> 1926: ఊరి కొండ దిగువన టామ్, హక్ విగ్రహం. అదీ మహన్ కుటుంబం చలవే.
>
> 1962: జాతీయ చారిత్రక స్థలంగా గుర్తింపు.
>
> 1990-91: భారీ పునరుద్ధరణ.

పాడుతూ ఉండే కుర్రాడు

ఈ ఇంట్లో శాండీ అని ఒక కుర్రాడుండేవాడు. నల్లజాతి బానిస. క్లెమెన్స్ కుటుంబం వాణ్ని ఊళ్లో ఒక యజమాని దగ్గర అద్దెకు తెచ్చుకుంది. దూరాన మేరీలాండ్ నుంచి, అమ్మానాన్నల దగ్గర నుంచి విడదీసి తెచ్చిన పిల్లవాడు. రోజంతా పాడేవాడు, ఈల వేసేవాడు, అరిచేవాడు, పకపకా నవ్వేవాడు. ఒకరోజు శామ్‌కు విసుగొచ్చి తల్లి దగ్గరికెళ్లి, గంట నుంచీ వాడి పాట ఆగలేదు, నోరు మూయించమని గొడవ చేశాడు. జేన్ క్లెమెన్స్ కళ్లలో నీళ్లు తిరిగాయి. వాడు పాడుతున్నాడంటే వాళ్లమ్మ గుర్తు రావడం లేదని అర్థం, పాట ఆపితే గుర్తొస్తున్నట్టు, వాడు వాళ్లమ్మను ఇక ఎప్పటికీ చూడలేడు కదా, పాడనివ్వు అందామె. ఆ తర్వాత శాండీ పాట శామ్‌ను విసిగించలేదు. ముసలితనంలో చెప్పిన ఆత్మకథలో ట్వైన్ ఈ సంగతి చెప్పుకున్నారు.

అదే తల్లికి బానిసత్వం తప్పని తోచలేదు. ఊళ్లో ఎవరికీ తోచలేదు. చర్చిలో అది దేవుడి ఏర్పాటని చెప్పేవారు. తండ్రి అప్పుల్లో పడ్డప్పుడు ఇంట్లో ఉన్న జెన్నీ అనే బానిస స్త్రీని అమ్మేశాడు. 1841లో బానిసలు పారిపోవడానికి సాయం చేయబోయిన ముగ్గురికి పన్నెండేసి ఏళ్ల జైలు వేసిన జ్యూరీలో ఆయనా సభ్యుడే. దక్షిణాది బజారుకు తరలించడానికి పదిపన్నెండు మంది ఆడా మగా గొలుసులతో ఒకరికొకరిని కట్టి రోడ్డు పక్కన పడేసిన దృశ్యం ట్వైన్ చిన్నతనంలోనే చూశారు. అంత విషాదం నిండిన ముఖాలు మళ్లీ చూడలేదన్నారు.

శాండీ ఎక్కడికి పోయాడో, పెద్దయ్యాక ఏమయ్యాడో మనకు తెలిసే దారి లేదు. ఆత్మకథ కాక వాడు మిగిలింది ఇంకొక్కచోటే, ‘టామ్ సాయర్’ నవలలో. వెల్లవేసే అధ్యాయం గుర్తు చేసుకోండి. టామ్ బ్రష్ పట్టుకుని దిగాలుగా నిలబడి ఉంటాడు. మొట్టమొదట వచ్చేది రేకు బకెట్ పట్టుకుని, పాడుకుంటూ నీళ్లకు వెళ్తున్న నల్లజాతి కుర్రాడు జిమ్. నీళ్లు నేను తెస్తాను, నువ్వు కాస్త వెల్లవెయ్ అని టామ్ బేరం పెడతాడు. గోళీ ఇస్తానంటాడు. కాలి బొటనవేలి పుండు విప్పి చూపిస్తానంటాడు. జిమ్ మెత్తబడి బకెట్ కింద పెట్టి పుండు మీదికి వంగాడో లేదో, పాలీ అత్తమ్మ చెప్పుతో ప్రత్యక్షం. ఆ కుర్రాడే శాండీ అని, వాడితో వెల్లవేయిద్దామని చూశాను, కుదరలేదని ట్వైనే ఆత్మకథలో చెప్పారు. (‘హకల్‌బెరీ ఫిన్’లో తెప్ప మీద ప్రయాణం చేసే జిమ్ వేరే. ఆ పాత్రకు ఆధారం ట్వైన్ బాబాయి పొలంలో బానిసగా ఉన్న డేనియల్ అనే పెద్దాయన.)

అంటే ప్రపంచమంతా ఎరిగిన ఆ కంచె కథలో మొదట అడుగుపెట్టేవాడే శాండీ. వెల్లవేసే పోటీలు మాత్రం టామ్ చుట్టూనే తిరిగాయి. 1990లలో ట్వైన్ పరిశోధకురాలు షెల్లీ ఫిషర్ ఫిష్కిన్ హానిబల్ వచ్చి, బానిసత్వం గురించి ఊరి మౌనాన్ని తన పుస్తకంలో తూర్పారబట్టారు. నవలను నెత్తిన పెట్టుకుని, ఆ నవల ఎవరి బాధలోంచి పుట్టిందో ఆ మనుషులను వదిలేశారన్నది ఆమె ఆవేదన. అందులో నిజం ఉంది.

హక్ ఇంటికి ఆ అదృష్టం లేదు

1911లో మహన్ ట్వైన్ ఇల్లు కొన్నారు. అదే ఏడాది దాని వెనక వీధిలో ఉన్న ఇంకో పాత ఇల్లు కూల్చేశారు. అది బ్లాంకెన్‌షిప్ కుటుంబం ఉన్న ఇల్లు. తాగుబోతు తండ్రి, ఆకలితో పెరిగిన పిల్లలు. ఆ పిల్లల్లో టామ్ బ్లాంకెన్‌షిప్ ఊళ్లో ఎవరి అదుపాజ్ఞలూ లేని పిల్లవాడు. హకల్‌బెరీ ఫిన్ అంటే అచ్చంగా వాడేనని ట్వైన్ చెప్పారు. వాడితో ఆడొద్దని అమ్మలందరూ చెప్పేవారు, అందుకే అందరు పిల్లలూ వాడి వెంటే తిరిగేవారు.

వాడి అన్న బెన్స్ గురించి తెలిసినవాళ్లు తక్కువ. 1847లో పారిపోయి వచ్చిన ఒక బానిస నదికి అవతలి గట్టున లంక పొదల్లో దాక్కుంటే, చేపలకని వెళ్లిన బెన్స్ కంట పడ్డాడు. పట్టిస్తే 50 డాలర్ల బహుమానం. తినడానికి లేని కుటుంబానికి అది చిన్న మొత్తం కాదు. పట్టించలేదు సరికదా, వారాల తరబడి రహస్యంగా అతనికి తిండి చేరవేశాడు. చివరికి కట్టెలు కొట్టేవాళ్లు ఆ మనిషిని తరిమితే నీళ్లలో మునిగి చనిపోయాడు. కొన్ని రోజులకు ఆ శవం నీళ్లలోంచి పైకి లేవడం చూసి హడలిపోయిన పిల్లల్లో శామ్ ఒకడు. నరకానికైనా పోతాను కానీ జిమ్‌ను పట్టివ్వనని హక్ తెగించే ఘట్టం వెనక ఉన్న అసలు మనిషి బెన్స్.

లాయరు పెద్దమనిషి రచయిత ఇంటిని కాపాడారు. బీదవాళ్ల కొంప గురించి ఎవరికీ పట్టలేదు. 2007లో ఆ స్థలంలోనే పాత ఫొటోల ఆధారంగా ఆ ఇంటిని తిరిగి కట్టారు. కొత్త కర్రతో కట్టిన పాత ఇల్లు. అయినా మంచిపనే.

> తెలుగు ఇంటి టామ్
>
> మన పాఠకులకు టామ్‌నూ హక్‌నూ దగ్గర చేసినవారు నండూరి రామమోహనరావు. ‘ఆంధ్రజ్యోతి’ సంపాదకుడిగా, ‘విశ్వరూపం’, ‘నరావతారం’ రచయితగా పేరొందిన ఆయన ‘టామ్ సాయర్’, ‘హకల్‌బెరీ ఫిన్’, ‘రాజూ-పేదా’ పుస్తకాలను తెలుగు చేశారు. మిసిసిపీ ఒడ్డు పిల్లలు ఆయన తెలుగులో మన కాలవగట్టు పిల్లల్లా మాట్లాడారు. ‘ది ప్రిన్స్ అండ్ ది పాపర్’ కథ ఆధారంగానే 1954లో బి.ఎ.సుబ్బారావు దర్శకత్వంలో ‘రాజు పేద’ సినిమా వచ్చింది. అందులో పేద పిల్లవాడి తండ్రి పోలిగాడుగా ఎన్టీఆర్ నటించారు.

రాతి గదిలో ఇంకో మ్యూజియం

2013లో హానిబల్‌లోని ఒక చిన్న రాతి కట్టడంలో ‘జిమ్స్ జర్నీ: ద హక్ ఫిన్ ఫ్రీడమ్ సెంటర్’ తెరుచుకుంది. స్థాపించింది ఫే డాంట్. ఆ ఊళ్లోనే పుట్టి పెరిగిన నల్లజాతి మహిళ. తరాలుగా ఆమె కుటుంబం అక్కడిదే. ఊరి నల్లజాతి కుటుంబాల ఫొటోలు, కాగితాలు, వస్తువులు కూడబెట్టి డేనియల్‌ను, జిమ్‌ను నలుగురికీ పరిచయం చేస్తున్నారు. పెద్ద మ్యూజియంలోనూ ఇప్పుడు బానిసత్వం ప్రస్తావన వచ్చింది. 

రచయిత ఇల్లు చూడటానికి వెళ్లేవాళ్లు ఆయన రాసుకున్న బల్ల, పడుకున్న మంచం, తొంగిచూసిన కిటికీ చూడాలనుకుంటారు. ఆ కోరిక నాకూ అర్థమవుతుంది. నండూరి అనువాదం చదివిన రోజుల్లో ఆ కంచెను ఒక్కసారి ముట్టుకోవాలని నాకూ ఉండేది. అయితే పిల్లవాడు రచయితగా తయారయ్యేది బల్ల దగ్గర కాదు. ఇంట్లో ఎవరు ఎవర్ని కొట్టారు, ఎవరు ఎందుకు పాడారు, అమ్మ ఎప్పుడు కళ్లు తుడుచుకుంది, ఇవన్నీ వాడు చూస్తూ పెరుగుతాడు. వాటిని వదిలేసి గోడలకు రంగులేస్తే మిగిలేది పాత సామాన్ల గది. శాండీ పాట, లూయిస్ తిన్న దెబ్బలు, అమ్ముడుపోయిన జెన్నీ, ఇవన్నీ ఉంటేనే అది ‘హకల్‌బెరీ ఫిన్’ రాసినవాడి ఇల్లు అవుతుంది. ఇది ట్వైన్‌ను తగ్గించడం కూడా కాదు. ఈ సంగతులన్నీ మనకు తెలిసింది ఆయన దాచుకోకుండా చెప్పడం వల్లే. తండ్రి చేసింది, తల్లికి తోచనిది, తాను విసుక్కున్నది, అన్నీ పూసగుచ్చినట్టు చెప్పారు. ఆయన అంత ధైర్యంగా చెప్పినదాన్ని ఆయన పేరు మీద నడిచే ఇల్లు చెప్పడానికి వెనకాడకూడదు.

> మైసూరులో ఆగిన గునపం
>
> మన రచయిత ఆర్.కె.నారాయణ్ చిన్ననాడు అమ్మమ్మ దగ్గర పెరిగిన ఇల్లు మద్రాసు పురసవాక్కంలో ఉండేది. ఇప్పుడు లేదు. పెద్దయ్యాక మైసూరు యాదవగిరిలో కట్టుకున్న ఇంటికీ 2011లో కూల్చివేత మొదలైంది. పాఠకులు, పత్రికలు గట్టిగా గొడవ చేయడంతో పని ఆగింది. స్థానిక ప్రభుత్వ సంస్థలు ఆ ఇంటిని కొని బాగుచేయించాయి. 2016లో మ్యూజియంగా తెరిచారు.

హానిబల్ చేయగలిగిన పని ఇంకొకటుంది. జులైలో బ్రష్ పట్టుకుని కంచె ముందు నిలబడే పిల్లలకు, ఈల వేయగానే పరుగు మొదలుపెట్టే ముందు, బకెట్‌తో నీళ్లకు వెళ్లిన కుర్రాడి సంగతి చెప్పాలి. వాడి అసలు పేరు శాండీ అని, ఈ ఇంట్లోనే ఉండేవాడని, వాళ్లమ్మ మేరీలాండ్‌లో ఉండిపోయిందని చెప్పాలి. కంచె పక్కన ఫలకం మీద టామ్ పేరుతో పాటు వాడి పేరూ కనపడాలి. కూల్చేసిన హక్ ఇంటిని తొంభై ఆరేళ్ల తర్వాత తిరిగి కట్టుకున్న ఊరికి అది పెద్ద పనేం కాదు.